మూలగది తూము

సెప్టెంబరు 2

నా గొంతు చిన్నది. నేను మాట్లాడితే ఎదుటివాళ్లు ముందుకు వంగి వింటారు, వినేశామనుకుని మళ్లీ తమ మాటల్లో పడిపోతారు. యాభై ఏళ్లుగా దీనివల్ల నాకు జరిగిన నష్టం ఏమీ లేదు. ఇవాళ జరిగింది. అందుకే రాస్తున్నాను. ఈ నోటుపుస్తకం కొన్నది పైపుల కొలతలు రాసుకోవడానికి. మొదటి పేజీలో రెండు కొలతలు ఉన్నాయి కూడా. ఉండనీ.

మా బుఖారా నీటి కార్యాలయం మనిషి మధ్యాహ్నం కాగితాలు తెచ్చాడు. కొత్త నిబంధనలట. అక్టోబరు ముప్ఫై ఒకటిలోగా వీధిలో ప్రతి ఇల్లూ కొత్త మురుగు లైనుకి కలవాలి. ఇళ్ల లోపల ఉన్న ఇంకుడు గుంతలన్నీ ఇసుకా సిమెంటూ పోసి పూడ్చెయ్యాలి. పూడ్చని ఇంటికి మర్నాటి నుంచి కుళాయి బంద్. మా ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. అందులో ఒకచోట ఇలా ఉంది: "మూలగది తూము శాశ్వతంగా మూసివేయుటకు అంగీకరిస్తున్నాము."

నేను అప్పుడు వచ్చినవాడికి టీ పోస్తున్నాను. వద్దు అన్నాను. అన్నాననే నా నమ్మకం. ఎవరూ తల తిప్పలేదు.

ఆ తూము మా అత్తగారి అత్తగారి కాలం నాటిది. నేలలోకి దింపిన రాయి, మధ్యలో రంధ్రం, చుట్టూ ఆకుల చెక్కడం. ఐదు పూటలా నమాజుకి ముందు అక్కడే కూర్చుని చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుంటాను. ఆ నీళ్లు రాయి కింద గుంతలో ఇంకిపోతాయి.

పదకొండేళ్ల కిందట మా పెద్దపిల్ల శాహిస్తాకి చివరి స్నానం అక్కడే చేయించారు. ఆఖరి చెంబు నేను పోశాను. దానికి పందొమ్మిదేళ్లు.

ఇది రాయాలనుకోలేదు.

సెప్టెంబరు 3

ఆయనతో ఏమీ అనలేదు. ఇవాళ కూడా.

సెప్టెంబరు 5

పైపుల మేస్త్రీ ఉస్తా బరాత్ వచ్చాడు. ఈ వీధిలో సగం ఇళ్లు అతని చేతికిందే ఉన్నాయి, అందుకని రాజులా వచ్చాడు. ప్రతి గదిలోనూ రసమట్టం పెట్టి, లోపలి బుడగని చూసి మా ఇంటిని తిట్టాడు. ఏ నేలా ఏ నేలతోనూ సమానంగా లేదట. కోడలు మునీరా అతని వెనకే తిరుగుతూ వాషింగ్ మెషీన్ ఎక్కడ, పలకలు ఏ రంగు, అద్దం ఎంత ఎత్తులో అని లెక్కలు వేసుకుంటోంది. పాపం, పెళ్లయిన ఆరేళ్లుగా చలికాలంలో కూడా బట్టలు వాకిట్లోనే ఉతుకుతోంది. కొత్త లైను దానికి పండగ. నేను కాదనను.

మూలగదికి వచ్చేసరికి ఉస్తా వంగి రంధ్రంలోకి చూశాడు. ఒక బస్తా సిమెంటు, అరపూట పని అన్నాడు.

నమాజుకి పుక్కిలించిన నీళ్లూ కడుక్కున్న నీళ్లూ మరుగుదొడ్డి నీళ్లతో ఒకే పైపులో పోవడమేంటని అడిగాను.

"పైపుకి పాపం పుణ్యం తెలీదు ఆపా," అన్నాడు. "వాలు తెలుసు. మీటరుకి రెండు సెంటీమీటర్లు ఇచ్చావా, ముల్లా నీళ్లయినా దొంగ నీళ్లయినా ఒకేలా తీసుకుపోద్ది."

మునీరా పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అందుకే ఒళ్లు మండింది.

నిబంధనల పుస్తకం నాకు కావాలన్నాను. అదెవరు చదువుతారని ఉస్తా ఆశ్చర్యపోయాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్న తనే చదవలేదట.

సెప్టెంబరు 9

మునీరా ఫోనులో దొరికింది. వీధి చివర కొట్లో అచ్చు వేయించి తెచ్చింది. నలభై ఒక్క పేజీలు. పదో తరగతి తర్వాత నేను ఇంత మందం చదివినవి పవిత్ర గ్రంథాలే. దీన్నీ అలాగే చదువుతున్నాను, రోజుకి కాస్త, వేలు పెట్టి, అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి.

ఇప్పటికి నేర్చుకున్నవి. ప్రతి తూముకిందా నీళ్లు నిలిచే వంపు ఉండాలి, లేకపోతే మురుగు వాసన ఇంట్లోకి వస్తుంది. పైపు లోతు తక్కువైతే జనవరిలో గడ్డకడుతుంది. మూత తీయడానికి వీలులేని చోట జాయింటు పెట్టకూడదు. చివరిది ఉస్తాకి చెప్పాను. మా వంటింట్లో పోయినేడు జాయింటు గోడలోపల పెట్టింది తనే. దగ్గి, వాతావరణం గురించి మాట్లాడాడు.

సెప్టెంబరు 11

బీబీ ఖలీఫా దగ్గరికి వెళ్లాను. మా వీధి ఆడవాళ్లకి చదువూ ప్రార్థనా నేర్పే పెద్దావిడ. ఆవిడ చెప్పిందంటే మా ఆయన కూడా నోరెత్తడు. ఒక్క మాట రాయించుకుని కార్యాలయంలో పడేద్దామని నా ఆశ. గుమ్మడికాయ సంబూసాలు పట్టుకెళ్లాను.

అంతా విని ఆవిడ, "ఒంటిమీద ఉన్నంతసేపే తల్లీ అవి నీ నీళ్లు. కింద పడ్డాక నీవి కావు. ఏ పైపులో పోతే నీకేం? పాపం లేదు," అంది.

ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను.

సంబూసాలు బాగున్నాయంది.

సెప్టెంబరు 12

పాపం లేదట. సరే. అయితే ధర్మం పేరు చెప్పి అడగను. నాకు కావాలి కాబట్టి అడుగుతాను. యాభై ఏళ్లలో ఆ మాట ఎప్పుడైనా అన్నానా? గుర్తులేదు.

ఆయన మూలగదిలోకి రాడు. మంచు పడుతున్నా వాకిట్లో కుళాయి దగ్గరే కాళ్లు కడుక్కుంటాడు. గదిలో చలి, మోకాళ్లు పట్టేస్తాయంటాడు. పదకొండేళ్లుగా మోకాళ్లే. ఆయనకి అదొక మామూలు రంధ్రం, అంతే. సిమెంటు పోస్తే పోయింది. అంతే అయి ఉంటుంది.

సెప్టెంబరు 18

ఇన్‌స్పెక్టరు వచ్చింది. నేను మీసాలున్న మనిషిని ఊహించుకున్నాను. ముప్ఫై ఏళ్ల అమ్మాయి, పేరు మహ్లియో, బూట్లనిండా దుమ్ము. అప్పటికే తొమ్మిది ఇళ్లు తిరిగిందట. టీ ఇస్తే నిలబడే తాగింది.

మూలగది గుమ్మంలో ఆగి, "తష్నావా? ఇంకా వాడుతున్నారా?" అంది. తూముని మా ముసలివాళ్లు పిలిచే ఆ పాత మాట ఆ పిల్ల నోట వినడం బాగుంది. తర్వాత గోడ దగ్గరికెళ్లి గోటితో గీకింది. తెల్లగా రాలింది.

"ఈ ఉప్పు చూశారా పెద్దమ్మా? మీ గుంతలో నీళ్లే పైకెక్కుతున్నాయి. ఇటుక లోపల తినేస్తాయి. ఇంకో ఇరవై ఏళ్లకి ఈ గోడ ఉండదు."

బుఖారాలో ఉప్పెక్కని గోడ ఏదో చూపించమన్నాను. చూపించలేకపోయింది. కానీ తను చెప్పింది నిజం. ఆ మూల నేను పదేళ్లుగా సున్నం వేయిస్తూనే ఉన్నాను.

అప్పుడు పుస్తకం తెచ్చి ఇరవై ఏడో పేజీ తీశాను. సబ్బు కలవని నీటిని గోడకి నాలుగు మీటర్ల అవతల, చెట్టు మొదట్లో మట్టిలోకి వదలవచ్చు. కింద గీత గీసి పెట్టుకున్నాను. ఆ అమ్మాయి చదివింది. మళ్లీ చదివింది. ఇన్ని ఇళ్లలో ఈ పేజీ చూపించింది మీరొక్కరే అంది. వాకిట్లో మా బిహీపళ్ల చెట్టు గోడకి ఆరు మీటర్ల దూరంలో ఉందని చెప్పాను. నేనే కొలిచాను.

పని అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు అడిగింది, "ఇక్కడ నమాజుకి కడుక్కోవడం తప్ప ఇంకేం చేస్తారు?"

మునీరా నా తలగుడ్డ కొంగు లాగింది. ఏమీ లేదని చెబితే సరిపోయేది. నాకు అబద్ధానికి నోరు తిరగదు.

"మా ఇంట్లో పోయినవాళ్లకి స్నానం ఇక్కడే," అన్నాను.

ఆ అమ్మాయి టీ గిన్నె కింద పెట్టింది. "సబ్బుతోనే కదా?"

"సబ్బుతోనే."

"అయితే ఈ పేజీ మీకు వర్తించదు పెద్దమ్మా. మూసెయ్యాల్సిందే."

గట్టిగా అనలేదు. నాలాగే మెల్లగా అంది.

సెప్టెంబరు 19

నాకు కోపం లేదు.

సెప్టెంబరు 20

కోపం లేదు. పెద్ద పింగాణీ గిన్నె చెయ్యి జారి పగిలింది. దాని మూత కూడా.

సెప్టెంబరు 25

భోజనాల దగ్గర ఆయనతో అన్నాను, ఆ సంతకం వెనక్కి తీసుకొమ్మని. ఆయనకి వినపడలేదు. మళ్లీ అన్నాను. ఇంత వీధిలో ఎవరికీ లేని పట్టుదల మనకెందుకన్నాడు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను, ఒక్కసారి కూడా ఎర్ర దీపం దాటలేదు, ఇప్పుడు దాటమంటావా అన్నాడు.

నేను దాటుతాను, మీరు కూర్చోండి అన్నాను.

మునీరా చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది.

సెప్టెంబరు 29

నీటి కార్యాలయం. ఇల్లు నా పేరున కూడా ఉంది. ఆ సంగతి కొడుకు చెబితే గాని నాకే గుర్తురాలేదు. ఒక యజమాని సంతకం చాలదు, ఇద్దరిదీ ఉండాలని పుస్తకం నాలుగో పేజీలో ఉంది. కిటికీ దగ్గర చెప్పాను. గుమస్తా ఏమిటీ అన్నాడు. చెప్పాను. ఏమిటీ అన్నాడు. గొంతు పెంచితే ఏడుపు వస్తుందని తెలుసు, అందుకని పెంచలేదు. కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం జుహర్ నమాజు వేళయితే ఒక మూల చదువుకుని మళ్లీ వచ్చి కూర్చున్నాను. నాలుగింటికి అతనే కాగితం బయటికి తీసి, ఏ వరుస కొట్టెయ్యాలో చూపించమన్నాడు.

ఆ వరుస నేనే కొట్టేశాను. చాలా నల్లగా.

అక్టోబరు 1

కాగితం వెనక్కి వచ్చినంత మాత్రాన తూము మిగలదు. నెలాఖరుకి ఏదో ఒకటి చూపించాలి. లేకపోతే కుళాయి పోతుంది. కొడుకూ కోడలూ వాళ్ల ఇద్దరు పిల్లలూ. నా కోసం వాళ్లు బిందెలు మోయాలా? మోయమన్నా మోస్తారు. అదే నాకు భయం.

నాకు ఏం కావాలో ఒకసారి తిన్నగా రాస్తాను. శాహిస్తా నీళ్లు పోయిన మట్టిలోకి, నా రోజు వచ్చినప్పుడు, నా నీళ్లూ పోవాలి. ఇంతే. ఇందులో ఎవరికీ నొప్పి లేదు.

అక్టోబరు 4

ఉస్తా బరాత్‌కి అంతా చెప్పాను, పైన రాసిన ఆ కోరిక తప్ప. గడ్డం గోక్కుంటూ పుస్తకం తిరగేశాడు. నన్ను చూసి ఇప్పుడు అతనూ ఒకటి సంపాదించాడు. దాని మూలలన్నీ నలిగి ఉన్నాయి.

"వాల్వ్ పెడదాం ఆపా," అన్నాడు. "ఒక తూము, రెండు దారులు. పిడి అడ్డంగా ఉంటే చెట్టుకి, నిలువుగా తిప్పితే మురుగు లైనుకి. మామూలు నీళ్లు చెట్టుకి పోతాయి. సబ్బు పడే రోజున నిలువుగా తిప్పుకుంటారు. ముప్ఫై మూడో పేజీ. ఇన్‌స్పెక్టరమ్మ కాదనలేదు."

గుంత మాటేమిటన్నాను. గుంత పూడ్చక తప్పదన్నాడు. దానికి తిరుగు లేదు.

"అందులో మట్టి?"

"బయట పారబోస్తాం."

"పారబొయ్యరు. చెట్టు దగ్గర కందకం తవ్వి అందులో వెయ్యాలి. నేనే వేస్తాను. ఎవరూ తొక్కకూడదు."

నా మొహంలోకి చూశాడు. అతని తల్లికి చివరి స్నానం చేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. సరే, తడి మట్టి బరువుంటుంది, సగం బాల్చీలే ఎత్తండి అన్నాడు.

అక్టోబరు 10

రాయి లేపారు. కింద ఆడమనిషి మోకాళ్ల లోతు గుంత. నల్లటి గులకరాళ్లు, వాటికింద మెత్తటి మట్టి. వాసన లేదు. వాన పడ్డాక వీధి వాసన, అంతే.

మునీరా దిగి తవ్వుతానంది. వద్దన్నాను. ఎవరి పాదమూ అక్కడ పడకూడదు. గట్టున బోర్లా పడుకుని, చెయ్యి చాపి, చిన్న తాపీతో మట్టి తీశాను. పదకొండు బాల్చీలు తీసేసరికి భుజం లేవలేదు. ఉస్తా వాకిట్లో కందకం తవ్వుతూ ఒక్క పరిహాసం కూడా ఆడలేదు. అతనికి అదెంత కష్టమో నాకు తెలుసు.

అక్టోబరు 11

ఇది ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున్న మళ్లీ మొదలుపెట్టాను. మూడో బాల్చీ దగ్గర చెయ్యి అందలేదు. గుమ్మంలో చప్పుడైతే మునీరా అనుకున్నాను. మా ఆయన. బూట్లు విప్పేసి ఉన్నాడు. మేజోళ్లు కూడా. ఆ గదిలో ఆయన్ని పదకొండేళ్ల తర్వాత చూడటం ఇదే, వేరే ఎవరి ఇంటికో వచ్చిన మనిషిలా ఉన్నాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా నా పక్కన బోర్లా పడుకున్నాడు. ఆయన చెయ్యి నాకంటే పొడుగు.

ఆయన తీసి పైకి పెడుతున్నాడు, నేను బాల్చీలో పోస్తున్నాను.

పెళ్లయిన రెండో ఏట పిల్ల పుట్టింది. అప్పటి నుంచీ ఈ వీధి మగవాళ్లందరిలాగే ఆయనా నన్ను పెద్దబిడ్డ పేరుతోనే పిలిచేవాడు. అది పోయిన రోజు నుంచి ఏ పేరూ లేదు. "వింటున్నావా" అంటాడు, లేదా దగ్గుతాడు. నేను దగ్గుకి పలుకుతాను.

"శాహిస్తా," అన్నాడు గుంతలోకి చూస్తూనే. "ఆ బాల్చీ ఇటు జరుపు."

జరిపాను.

అక్టోబరు 12

మట్టి అంతా బిహీ చెట్టు కిందికి చేరింది. పందొమ్మిది బాల్చీలు. నేను లెక్కపెట్టాలని పెట్టలేదు.

అక్టోబరు 16

గుంతలో ఇసుక, దానిమీద సిమెంటు. రాయి మళ్లీ తన చోట పెట్టారు. కింద నీళ్లు నిలిచే వంపు, గోడ పక్కన వాల్వ్ పిడి. ఆరు మీటర్లకి పన్నెండు సెంటీమీటర్ల వాలు. రసమట్టం నేనే పట్టుకున్నాను. ఒకచోట బుడగ జరిగితే ఉస్తాచేత పైపు మళ్లీ తీయించాను. మీలాంటి ఇంటివాళ్లు ఇంకో ఇద్దరుంటే ఈ పని మానేసి తోపుడుబండి మీద పుచ్చకాయలు అమ్ముకుంటానన్నాడు.

మొదటి నీళ్లు పోశాను. కందకంలో పరిచిన గులక కిందికి చప్పుడు లేకుండా పోయాయి. చెట్టు దగ్గర మట్టి కాసేపటికి నల్లబడింది.

వాషింగ్ మెషీన్ కూడా వచ్చింది. అది తిరుగుతుంటే మునీరా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది, సినిమా చూస్తున్నట్టు.

అక్టోబరు 23

మహ్లియో వచ్చింది. మూతలన్నీ తీయించి చూసింది, రంగునీళ్లు పోసి చూసింది. పిడి అటూ ఇటూ తిప్పి, ఎవరు చేశారిది అంది. ఉస్తా నన్ను చూపించాడు. నేను ఉస్తాని చూపించాను.

తర్వాత ఒక కాగితం తీసింది. సబ్బు కలిసిన నీటిని మురుగు లైనుకే వదులుతామని ఇంటివాళ్ల పూచీ. ఆయన సంతకం పెట్టాడు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను.

"చదివే పెడతారని తెలుసు," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

మూడుసార్లు చదివాను. ఆ అమ్మాయి కిటికీలోంచి చెట్టుని చూస్తోంది. బిహీపళ్లు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. రెండు కోసి ఆమె సంచిలో వేశాను. అప్పుడు సంతకం పెట్టాను. పిడి పైన ఒక చీటీ అంటించి వెళ్లింది: సబ్బు వాడునప్పుడు నిలువుగా తిప్పవలెను.

నేను బతికున్నన్నాళ్లూ సబ్బు చుక్క కూడా చెట్టు వైపు పోనివ్వను. ఆ పూచీ నాది. ఆ తర్వాత రోజుకి నేను ఎలా పూచీ పడగలను?

అక్టోబరు 24

నిన్న రాసిన చివరి మాట సరిగా లేదు. తప్పించుకోవడానికి రాశాను. ఆ సంతకం పెడుతున్నప్పుడే నాకు తెలుసు. అది అబద్ధమే. దానికి జవాబు నేనే చెప్పుకుంటాను, అడగాల్సినవాడు అడిగినప్పుడు. తల దించుకుని చెబుతాను. కానీ మార్చుకోను.

మునీరా, ఈ పుస్తకం దొరికేది నీకే. నా బట్టల పెట్టె సర్దేది నువ్వే కదా. ఆ రోజు వచ్చేది నా బంధువులు, స్నానం చేయించే ఆడవాళ్లు, వీధంతా. ఎవరో ఒకరు చీటీ చదువుతారు, పిడి తిప్పమంటారు. నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. అడ్డంగా ఉన్న పిడి మీద ఒక పెద్ద తువ్వాలు వేసి, దాని ముందు నిలబడు. ఎవరేమన్నా కదలకు. గొంతు పెంచనక్కర్లేదు. ఆఖరి చెంబు నువ్వే పొయ్యి. నీళ్లు చెట్టు దగ్గరికి చేరేదాకా ఉండి, ఆ తర్వాత ఆ పిడిని నిలువుగా తిప్పి, మామూలు నీళ్లు నాలుగు బిందెలు పోసి రాయి కడిగెయ్యి. ఆ ఇన్‌స్పెక్టరు పిల్ల మంచిది. ఆమెకి మాట రాకూడదు.

మీ మామయ్య నాకంటే ముందు వెళ్తే, మగవాళ్లు లోపలికొచ్చే ముందు తువ్వాలు వేసేది నేను. ఆయనకి చెప్పను. ఎర్ర దీపం దాటిన సంగతి ఆయనకి తెలియనక్కర్లేదు.

పైపుల కొలతలు మొదటి పేజీలో ఉన్నాయి, అవి కావాలంటే చింపి ఉస్తాకివ్వు. మిగతావి పెట్టె అడుగునే ఉండనీ. కాల్చకు. నీ మొగుడికి కూడా చూపించకు.